బాధితుల పక్కన నిలబడటం నుంచి వ్యవస్థలో మార్పు అడిగే దాకా: మన దేశంలో నేర న్యాయ సంస్కరణ కోసం పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

జిల్లా కోర్టు వరండాలో ఒక పొడవాటి బల్ల. ఒక చివర ఫిర్యాదు చేసిన అమ్మాయి, ఆమె తల్లి. ఇంకో చివర నిందితుడి అన్నదమ్ములు. మధ్యలో నేను, నా సంచి. ఉదయం పదిన్నరకు కూర్చుంటే సాయంత్రం నాలుగు దాటాక బంట్రోతు పేరు పిలిచాడు. లోపలికి వెళ్లిన రెండు నిమిషాలకే వాయిదా పడింది. బయటికొస్తూ ఆ అమ్మాయి, "అక్కా, తప్పు చేసింది నేనే అన్నట్టుంది" అంది.

సాక్ష్యం చెప్పడానికి వచ్చే పిల్లలు, లైంగిక దాడి బాధితులు నిందితుడి మనుషులకు ఎదురుపడకుండా ఉండేందుకు ప్రత్యేక కేంద్రాలు పెట్టాలని సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పింది. 2022 జనవరిలో దాన్ని మరింత విస్తరించి, అమలు చూడడానికి జస్టిస్ గీతా మిత్తల్ అధ్యక్షతన కమిటీని కూడా వేసింది. అంటే ఆ రోజు మాకు కావలసిన గది ఆదేశాల్లో ఉంది, ఆ కోర్టు భవనంలో లేదు. సంస్కరణ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే. ఇప్పటికే రాసిపెట్టిన హక్కును ఆ వరండా దాకా నడిపించుకు రావాలి. కొత్త చట్టం అడగడం ఆ తర్వాతి పని. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి, మొదటిదాని దాకా రాకుండానే అలిసిపోతారు. అందుకే ఈ మార్గదర్శి ఒక్క మనిషితో, ఒక్క కేసుతో మొదలవుతుంది.

మొదటి అడుగు: వాళ్లకేం కావాలో వినండి

నేరం జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మన నోట్లోంచి ముందు వచ్చే మాట "మీకు న్యాయం జరిగేదాకా పోరాడదాం". ఆ మాటను కాసేపు ఆపుకోండి. భర్తను పోగొట్టుకున్న మనిషికి ఆ పూట కావలసింది పోస్టుమార్టం అయ్యాక శవాన్ని త్వరగా ఇప్పించడం కావచ్చు. ఇంట్లో దొంగలు పడిన ముసలాయనకు తలుపు గొళ్లెం బాగు చేయించుకుని రాత్రి నిద్రపోవడం కావాలి. దాడికి గురైన అమ్మాయికి పరీక్షలు పోకుండా చూసుకోవడం ముఖ్యం కావచ్చు. కఠిన శిక్ష కావాలనేవారు ఉంటారు. అసలు ఎందుకు చేశాడో అతని నోటితో వినాలనుకునేవారూ ఉంటారు. రెండూ సహజమే.

నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఎవరంటే భయంగా ఉంది? ఈ విషయం ఎవరికి తెలియకూడదు? మిగతావన్నీ మర్నాటికి ఆగుతాయి. జరిగినదంతా మనకు మళ్లీ చెప్పమని అడగకండి. ఆ కథ వాళ్లు పోలీసులకు, డాక్టరుకు, మెజిస్ట్రేటుకు, మళ్లీ బోనులో చెప్పాలి. మన కోసం ఇంకోసారి ఎందుకు?

ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేముందు ఒక కాగితం మీద నాలుగు నంబర్లు రాసిపెట్టండి: అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఫోన్‌లో సేవ్ చేస్తే చాలదు. చాలా ఇళ్లలో ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు.

రెండో అడుగు: స్టేషన్ మెట్లు

"ఇది మా లిమిట్స్ కాదమ్మా, అక్కడికెళ్లండి." స్టేషన్‌లో ఎక్కువగా వినిపించే మాట ఇది. దీనికి జవాబు గట్టిగా అరవడంలో లేదు, సెక్షన్ తెలిసి నెమ్మదిగా చెప్పడంలో ఉంది.

2024 జులై 1 నుంచి పాత నేర విచారణ ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. దాన్నే అందరూ బీఎన్‌ఎస్‌ఎస్ అంటున్నారు. అందులో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా తీసుకోవాలి, కాకపోతే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు గానీ బాధితులకు గానీ ఉచితంగా ఇవ్వాలి. సమాచారంలో కాగ్నిజబుల్ నేరం (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలది) కనిపిస్తే కేసు కట్టి తీరాలని 2013 నవంబరులో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కొత్త చట్టం ఒక మినహాయింపు పెట్టింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేయవచ్చు. "విచారిస్తున్నాం" అని వాళ్లంటే, ఏ తేదీన అనుమతి తీసుకున్నారో అడిగి రాసుకోండి. పద్నాలుగు రోజుల లెక్క అక్కడి నుంచే.

అయినా కేసు కట్టకపోతే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి 175(3) సెక్షన్‌లో ఉంది. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల్లో సమాచారం నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడుతుందని ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి బెదిరింపుగా చెప్పాల్సిన పని లేదు. ఫిర్యాదు చివర ఒక వాక్యంగా రాస్తే చాలు, చదివేవారికి అర్థమవుతుంది.

ఒకసారి నేను తోడు వెళ్లిన ఫిర్యాదును స్టేషన్ రైటర్ తన మాటల్లో తిరగరాశాడు. "చెయ్యి పట్టుకుని గదిలోకి లాగాడు" అన్నది "గదిలోకి తీసుకెళ్లాడు" అయింది. సంతకం పెట్టేముందు ఆమెకు చదివి వినిపించమని అడిగితే ఆ తేడా బయటపడింది. రైటర్ దురుద్దేశంతో రాశాడని నేను అనను, రోజుకు పాతిక రాస్తుంటే మాటలు అరిగిపోతాయి. కానీ రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు పట్టుకునేది ఆ ఒక్క మాటనే. కాబట్టి నిదానంగా చదవండి, చదివించండి, తప్పుంటే దిద్దించాకే సంతకం.

అత్యాచారం కేసుల్లో వాంగ్మూలం కోసం బాధితురాలిని స్టేషన్‌కు రమ్మనకూడదు. ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, వీలైనంతవరకు మహిళా అధికారి నమోదు చేయాలి. పక్కన తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు లేదా సామాజిక కార్యకర్త ఉండవచ్చు. ఆ చివరి మాట మన లాంటివాళ్ల కోసమే ఉంది.

ఇక్కడితో పని అయిపోలేదు. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు బాధితులకు తెలియజేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్ అంటోంది. నాకు తెలిసి ఆ సమాచారం అడగకుండా వచ్చిన సందర్భాలు అరుదు. ఎఫ్‌ఐఆర్ తేదీకి 90 కలిపి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, ఆ రోజు దర్యాప్తు అధికారికి ఒక చిన్న ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి.

మూడో అడుగు: ఆసుపత్రి

ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా యాసిడ్ దాడి, లైంగిక దాడి బాధితులకు ప్రథమ చికిత్స, వైద్యం వెంటనే ఉచితంగా చేయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 397 చెప్పేది అదే. చేయకపోతే ఆసుపత్రి బాధ్యులకు ఏడాది దాకా శిక్ష ఉంది. ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మని అనడానికి వీల్లేదు. బాధితురాలి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. నివేదిక ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. గత లైంగిక అనుభవం తేల్చే నెపంతో చేసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది, 2022 అక్టోబరులో ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద బాధ్యుల్ని చేయాలని మళ్లీ గట్టిగా చెప్పింది. అలాంటిది మీ కంటబడితే తేదీ, వార్డు, ఏం జరిగిందో ఆ రోజే రాసుకోండి.

నాలుగో అడుగు: పరిహారం, ఎవరూ చెప్పని హక్కు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బాధిత కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోతున్నది ఇక్కడే.

మన చట్టంలో చాలాకాలం బాధితులకు సాక్షి అన్న హోదా తప్ప ఇంకేమీ లేదు. 1985 నవంబరులో ఐక్యరాజ్యసమితి బాధితుల న్యాయ సూత్రాల ప్రకటన చేసింది. మన సీఆర్‌పీసీలోకి బాధితులెవరన్న నిర్వచనం, పరిహార పథకం వచ్చింది 2009 చివరి రోజు నుంచి. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 396. ప్రతి రాష్ట్రమూ కేంద్రంతో సమన్వయం చేసుకుని పరిహార పథకం పెట్టాలి. ఎంత ఇవ్వాలో జిల్లా లేదా రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ నిర్ణయిస్తుంది. విచారణ రెండు నెలల్లో ముగించాలి.

చాలామందికి తెలియని మూడు సంగతులున్నాయి. నిందితుడు దొరక్కపోయినా, ఎవరో తెలియకపోయినా బాధితులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు కొట్టేసినా, పునరావాసం అవసరమని కోర్టుకు అనిపిస్తే పరిహారానికి సిఫార్సు చేయవచ్చు. తీర్పు వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు, వైద్యానికి, అత్యవసరాలకు మధ్యంతర సాయం అడగవచ్చు.

మహిళల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ రూపొందించిన 2018 పథకంలో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు, ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు అని ఉంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (అట్రాసిటీల) నిరోధక చట్టం కేసుల్లో సహాయం వేరే నిబంధనల కింద దశలవారీగా వస్తుంది. ఆ చట్టంలోని 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, పోషణ ఖర్చులు కూడా ఇమ్మంటోంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో ప్రత్యేక కోర్టే మధ్యంతర పరిహారం ఇవ్వగలదు.

దరఖాస్తు ఎలా పెట్టాలి? జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ, వైద్య పత్రాలు, గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఖర్చుల రసీదులు కలిపి ఇవ్వండి. రసీదులు పోయి ఉంటే, పోయిన కూలి రోజులతో సహా ఒక పట్టికగా రాసి సంతకం పెట్టించండి. బ్యాంకు ఖాతా విషయంలో జాగ్రత్త. ఒక అమ్మకు మంజూరైన డబ్బు ఆమె పేరు మీదున్న పాత ఖాతాలో పడింది, ఏటీఎం కార్డు మాత్రం మరిది దగ్గర ఉంది. ఆ తర్వాత నుంచి నేను దరఖాస్తుకు ముందే కొత్త ఖాతా తెరిపిస్తున్నాను, ఫోన్ నంబరు కూడా ఆమెదే ఉండేలా.

ఐదో అడుగు: కోర్టు

ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తారు కాబట్టి బాధితులకు లాయరు అక్కర్లేదనుకుంటారు. ప్రాసిక్యూషన్‌కు సహకరించడానికి సొంత లాయరును పెట్టుకునేందుకు కోర్టు అనుమతించవచ్చు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ లాయరు ఉచితంగా దొరుకుతారు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద. లాయరుంటే ఇంకో లాభం: ఛార్జిషీటు కాపీలు బాధితులకూ ఇవ్వాలి. కేసులో ఏం రాశారో తెలియకుండా బోనెక్కే దుస్థితి తప్పుతుంది.

బెయిల్ దశలో మన మాట వినరన్నది పాత నమ్మకం. దర్యాప్తు మొదలు అప్పీలు దాకా ప్రతి దశలోనూ తమ వాదన వినిపించే హక్కు బాధితులకు ఉందని 2022 ఏప్రిల్‌లో లఖింపుర్ ఖేరీ కేసు బెయిల్ రద్దు చేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలన్నా, బాధితుల వాదన వినకుండా కోర్టు ఒప్పుకోకూడదని కొత్త చట్టంలో 360వ సెక్షన్ కింద స్పష్టంగా రాశారు.

బెదిరింపులొస్తే? 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, చట్టం వచ్చేదాకా అదే చట్టంలా అమలు కావాలంది. జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి దరఖాస్తు పెట్టాలి. డీఎస్పీ స్థాయి అధికారి ఐదు పనిదినాల్లో ముప్పు అంచనా నివేదిక ఇవ్వాలి. దరఖాస్తులో "భయంగా ఉంది" అని రాస్తే ఏమీ జరగదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చింది, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది రాయండి.

రాజీ ఒత్తిడి గురించి ఒక మాట. పెద్దమనుషులు ఇంటికొచ్చి "ఆడపిల్ల పెళ్లి కావాల్సింది" అన్నప్పుడు మనం అక్కడ లేకపోవచ్చు. కేసు మొదట్లోనే కుటుంబంతో కూర్చుని, అలాంటి రోజు వస్తుందని, వస్తే ఏం జవాబు చెప్పాలనుకుంటున్నారని అడిగి పెట్టుకోండి. ఊహించుకున్న ఒత్తిడిని తట్టుకోవడం కాస్త తేలిక. ఒకవేళ ఆమె సాక్ష్యంలో వెనక్కి తగ్గినా తిట్టకండి. ఆమె ఆ ఊళ్లోనే బతకాలి.

సాక్ష్యం చెప్పే ముందురోజు ఖాళీ కోర్టు హాలు చూపించండి. జడ్జి ఎక్కడ కూర్చుంటారు, తను ఎక్కడ నిలబడాలి, అర్థం కాని ప్రశ్నను మళ్లీ అడగమనవచ్చని, నీళ్లు అడగవచ్చని, గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పవచ్చని. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. అది తప్పు, పైగా కేసును చంపేస్తుంది.

పేరు బయటపడకుండా

లైంగిక నేరాల బాధితుల పేరు, గుర్తింపు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. పేరు ఒక్కటే కాదు, ఊరు, బడి, తండ్రి వృత్తి కలిపి రాసినా గుర్తుపట్టేస్తారు. చనిపోయినా ఆ రక్షణ పోదని నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మన సంస్థ కరపత్రాలకూ, ఫొటోలకూ, వాట్సాప్ గ్రూపులకూ ఇదే వర్తిస్తుంది. పోక్సో బాధితురాలి తల్లిదండ్రుల ముఖాలు చూపించినా ఆ పిల్లను చూపించినట్టే.

ఆరో అడుగు: నోటుబుక్కులోంచి లెక్క తీయడం

ఇక్కడి నుంచి తోడు నిలవడం సంస్కరణగా మారుతుంది. నా దగ్గర ప్రతి కేసుకూ ఒక పేజీ ఉంటుంది. పేరు ఉండదు, వరుస సంఖ్యే. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, ఎఫ్‌ఐఆర్ తేదీ, వైద్య పరీక్ష, మెజిస్ట్రేటు వాంగ్మూలం, ఛార్జిషీటు, ప్రతి వాయిదా, వాయిదాకు కారణం, పరిహారం దరఖాస్తు, మంజూరు, జమ. ఇంతే. ఒక కేసు పేజీ చూస్తే కన్నీళ్లొస్తాయి. ఇరవై పేజీలు పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో కనిపిస్తుంది. మా పేజీల్లో పోలీసుల ఆలస్యం కంటే ఫోరెన్సిక్ నివేదిక రాక పడిన వాయిదాలే ఎక్కువని తేలినప్పుడు, మేము అడగాల్సింది ఎవర్నో మారిపోయింది. అంతదాకా తప్పు తలుపు తడుతున్నామన్నమాట.

వాయిదాల వివరాలకు ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే చాలు. జిల్లావారీ పెండింగ్ లెక్కలు నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్‌లో అందరికీ తెరిచి ఉంటాయి. మిగిలినవి సమాచార హక్కు చట్టంతో. ఇక్కడ ఒక మెళకువ ఉంది. "పరిహారం ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం ఇచ్చేది రికార్డులను, వివరణలను కాదు. ఇలా అడగండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు బాధితుల పరిహారం కోసం మీ కార్యాలయానికి అందిన దరఖాస్తుల పట్టిక. ఒక్కోదానికి వరుస సంఖ్య, నేర స్వభావం, అందిన తేదీ, ఉత్తర్వు తేదీ, మొత్తం, ఖాతాలో జమ చేసిన తేదీ. పేర్లు అవసరం లేదు." 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. స్టేషన్లలో సీసీ కెమెరాల గురించి కూడా ఇలాగే అడగవచ్చు. ప్రతి స్టేషన్‌లో కెమెరాలుండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎన్ని పనిచేస్తున్నాయి, ఫుటేజీ ఎన్నాళ్లు ఉంచుతున్నారు అన్నవి రికార్డులో ఉండే విషయాలే.

ఏడో అడుగు: జైలు గోడకు అటువైపు

బాధితుల కోసం పనిచేస్తూ ఖైదీల గురించి ఎందుకు మాట్లాడుతున్నావని నన్ను చాలామంది అడిగారు, బాధితులూ అడిగారు. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం, అంటే 4,34,302 మంది, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. వాళ్ల వాయిదా, ఆ బల్ల మీద కూర్చున్న అమ్మాయి వాయిదా ఒకటే. ఫోరెన్సిక్ నివేదిక రాకపోతే ఇద్దరూ ఆగిపోతారు. అసలు నేరస్తుడు కాని మనిషిని లోపల పెడితే బాధితులకు దక్కేది తప్పు జవాబు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బిహార్ జైళ్లలో, నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం మగ్గిన మనుషులు బయటికొచ్చారు. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు అక్కడే అంది. ఆ హక్కు నీడ బాధితుల మీదా పడుతుంది.

కాబట్టి బీఎన్‌ఎస్‌ఎస్ 479 తెలుసుకోండి. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు, ఇతరులు సగం కాలం లోపల ఉంటే బెయిల్‌పై విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికంటే ఎక్కువ కేసులున్నవారికి ఇది వర్తించదు. జిల్లా జడ్జి అధ్యక్షతన విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ఉంటుంది. అది ఎప్పుడెప్పుడు సమావేశమైందో, ఎంతమందిని సిఫార్సు చేసిందో అడగండి. సమావేశం పెట్టించడమే పెద్ద పనైన జిల్లాలుంటాయి.

ఎనిమిదో అడుగు: ఎవరిని, ఏమని అడగాలి

1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులు అత్యాచారం చేశారన్న ఆరోపణ, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకకు బదిలీ అయింది, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో, మహారాష్ట్రలోని ఒక స్టేషన్‌లో ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం కేసులోనూ సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఊరూరా మహిళలు కదిలారు. 1983లో చట్టం మారింది. కస్టడీ అత్యాచారం ప్రత్యేక నేరమైంది, బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమైందీ ఆ సవరణతోనే. ఆ లేఖలో తిట్లు లేవు. తీర్పులోని తర్కాన్ని పట్టుకుని ఎక్కడ తప్పిందో చూపించారు.

మనం రాసే కాగితం కూడా అలాగే ఉండాలి. ఒకటిన్నర పేజీ మించకుండా: ఆదేశం ఏం చెబుతోంది, మన ఇరవై పేజీల లెక్క ఏం చూపుతోంది, ఏ తేదీలోగా ఎవరు ఏం చేయాలి. "వ్యవస్థ మారాలి" అని రాస్తే ఫైల్లో పడుకుంటుంది. "పోక్సో కోర్టు పక్కన ఖాళీగా ఉన్న రికార్డు గదికి వెనుక ద్వారం తెరిచి, సాక్షుల గదిగా మార్చండి" అంటే ఎవరో ఒకరు అవుననో కాదనో అనాల్సి వస్తుంది. కోర్టు సౌకర్యాలకు జిల్లా జడ్జి, పరిహారానికి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఎఫ్‌ఐఆర్ ఆలస్యాలకు ఎస్పీ. నిధులు, ఖాళీ పోస్టుల విషయం మీ ఎమ్మెల్యే శాసనసభలో ప్రశ్నగా వేయగలరు. ప్రశ్నను మీరే రాసిచ్చేయండి, పని తేలికవుతుంది. ఏ దారీ పనిచేయకపోతే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం. అప్పుడు మీ నోటుబుక్కే బలం.

చట్టాల ముసాయిదాలపై ప్రజాభిప్రాయానికి కనీసం 30 రోజులు ఇవ్వాలని కేంద్రం 2014లో విధానం పెట్టుకుంది. ఆ 30 రోజుల్లో రాయడం మొదలుపెడితే ఆలస్యమే, లెక్కలు ముందే సిద్ధంగా ఉండాలి. ఢిల్లీ సామూహిక అత్యాచారం తర్వాత 2012 డిసెంబరు 23న వేసిన జస్టిస్ వర్మ కమిటీ నెలకే నివేదిక ఇచ్చింది. సుమారు 80,000 సూచనలు వచ్చాయి. ఎఫ్‌ఐఆర్ కట్టని అధికారికి శిక్ష, ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స 2013లో చట్టంలోకి ఎక్కాయి. పైన నేను చెప్పిన సెక్షన్లలో కొన్ని అలా వచ్చినవే.

బాధితులే మాట్లాడాలనుకుంటే

కొందరు అనుకుంటారు. వాళ్ల మాటకున్న బరువు మన మాటకు రాదు. కానీ కేసు నడుస్తుండగా బహిరంగంగా చెప్పిన ప్రతి మాటా క్రాస్‌లో తిరిగొస్తుంది. ముందు లాయరుతో మాట్లాడండి. ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో వాళ్లే నిర్ణయించుకోవాలి. ఒప్పుకున్నాక కూడా సభ రోజు ఉదయం మళ్లీ అడగండి, వద్దంటే అక్కడితో ఆపేయండి. ప్రయాణ ఖర్చులు, ఆ రోజు కూలి ఇవ్వండి.

తీర్పు వచ్చాక

నిర్దోషిగా వదిలేసినా, తక్కువ నేరం కింద శిక్ష వేసినా, పరిహారం సరిపోకపోయినా బీఎన్‌ఎస్‌ఎస్ 413వ సెక్షన్ కింద బాధితులు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు, ప్రభుత్వం కదలాలని ఎదురుచూడక్కర్లేదు. శిక్ష కాలం మాత్రమే తక్కువైందని అప్పీలు చేసే హక్కు ఈ సెక్షన్‌లో లేదు, ఆ పని ప్రభుత్వం చేయాలి. తీర్పు రోజు సాయంత్రమే కాపీకి దరఖాస్తు పెట్టేయండి.

ఆ వరండా కోర్టులో ఇప్పుడొక గది ఉంది. పద్నాలుగు నెలలు పట్టింది, ఆరు ఉత్తరాలు రాశాం. వెనుక నుంచి వేరే ద్వారం, రెండు కుర్చీలు, ఒక చాప, తెర మీద కనిపించే జడ్జి. తాళం మాత్రం పరిపాలనా కార్యాలయంలో ఉంటుంది. వాయిదాకు ముందురోజు సాయంత్రం ఐదులోపు ఫోన్ చేసి తెరిపించమని చెప్పకపోతే, పొద్దున్నే పిల్లను తీసుకుని మళ్లీ ఆ బల్ల మీదే కూర్చోవాల్సి వస్తుంది. అందుకే మా నోటుబుక్కులో వాయిదా తేదీ పక్కన ఇంకో గడి కొత్తగా చేర్చాం: "గది తెరిపించారా?"